కరెంటు పోతే ఫైల్ సర్వర్‌లో ఏం మిగులుతుంది? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈదురుగాలుల కాలం ముగిసి వానలు పడడం మొదలయ్యాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో సగం కరెంటు గురించే ఉంటాయి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఈ నెల వచ్చినవాటిలో ఫైల్ సర్వర్లకు సంబంధించినవాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను. కొందరు పేరు వద్దని కోరినందువల్ల అందరికీ ఊరి పేరు మాత్రమే ఉంచాము.

ప్రశ్న: మాది పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో. ఎనిమిది హార్డ్ డిస్కులున్న లైనక్స్ ఫైల్ సర్వర్‌లో దాదాపు 60 టెరాబైట్ల డేటా ఉంది, ర్యామ్ 64 గిగాబైట్లు. మే నెలలో ఒక పెళ్లి వీడియోలను మెమరీ కార్డుల నుంచి సర్వర్‌లోకి కాపీ చేసి, పూర్తయినట్టు తెర మీద చూసిన తర్వాతే కార్డులను ఫార్మాట్ చేశాము. అదే నిమిషంలో గాలివానకు కరెంటు పోయింది. నాలుగేళ్ల కింద కొన్న యూపీఎస్ ఒక్క క్షణం కూడా నిలబడలేదు. సర్వర్ మళ్లీ లేచాక చివరి ఫైళ్లు కొన్ని సున్నా బైట్లుగా కనబడుతున్నాయి. పూర్తయిందని చూపించిన కాపీ ఎలా పోయింది? ఇంకా పెద్ద యూపీఎస్ కొనాలా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ముందు పోయినవాటి సంగతి చూద్దాం. ఆ కార్డుల మీద కొత్తగా ఏమీ తీయకుండా ఉంటే వీడియోలు ఇంకా వాటిలోనే ఉండే అవకాశం బాగా ఉంది. కెమెరాలో చేసే మామూలు ఫార్మాట్ చాలా సందర్భాలలో ఫైళ్ల పట్టికను చెరుపుతుందే తప్ప లోపలి డేటా జోలికి పోదు. ఫొటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికించి, దొరికిన ఫైళ్లను కార్డులోకి కాకుండా వేరే డిస్కులోకి తీసుకోండి. ఈ పని అయ్యేదాకా ఆ కార్డులను ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మిగతా జవాబు తర్వాత చదివినా ఫరవాలేదు.

కాపీ పూర్తయినట్టు తెర మీద కనబడిందంటే ఎడిటింగ్ కంప్యూటర్ పంపిన డేటా అంతా సర్వర్‌కు అందినట్టే, కాని అది డిస్కుల దాకా చేరినట్టు కాదు. లైనక్స్ తనకు అందిన డేటాను ముందు ర్యామ్‌లో ఉంచుకుని, వీలు చూసుకుని డిస్కులకు రాస్తుంది. మామూలు సెట్టింగులలో ఈ పని చేసే భాగం 5 సెకన్లకొకసారి లేచి, 30 సెకన్లకు మించి ర్యామ్‌లో ఉండిపోయినదాన్ని డిస్కుకు పంపుతుంది. రాయవలసిన డేటా అందుబాటులో ఉన్న ర్యామ్‌లో 10 శాతం దాటితే అంతసేపు ఆగకుండా ముందే మొదలుపెడుతుంది. గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు సుమారు 110 మెగాబైట్లు వస్తాయి కనుక 30 సెకన్లలో 3 గిగాబైట్లకు పైగా పోగవుతుంది. మీ సర్వర్‌లో 10 శాతమంటే దాదాపు 6 గిగాబైట్లు కాబట్టి ఆ పరిమితి మీకు అడ్డం రానే రాదు. కాపీ జరుగుతున్నంతసేపూ చివరి 3 గిగాబైట్లు ర్యామ్‌లోనే ఉంటాయి. తాళి కట్టే ఘట్టం ఆ చివరి ఫైలులో ఉందా, మొదటి ఫైలులో ఉందా అన్నది సర్వర్‌కు పట్టదు.

సైజు సున్నాగా కనబడడానికీ కారణం ఉంది. డిస్కు మీద ఫైళ్లను అమర్చి పెట్టే ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు ఫైలు పేరును ముందే నమోదు చేసుకుని, లోపలి డేటాకు డిస్కు మీద చోటు కేటాయించడాన్ని మాత్రం అసలు రాసే క్షణం దాకా వాయిదా వేస్తాయి. పేరు జర్నల్‌లోకి ఎక్కింది, డేటా ఎక్కలేదు. జర్నల్ ఉన్నది ఇందుకే కదా అని మీరు అడగవచ్చు. వ్యాపారి లావాదేవీని ముందు చిట్టాలో రాసుకుని తర్వాత ఖాతా పుస్తకంలోకి ఎక్కించినట్టు ఫైల్ సిస్టమ్ తన మార్పులను ముందు జర్నల్‌లో రాసుకుంటుంది. కాని మామూలుగా అందులో ఉండేవి పేర్లు, సైజులు, ఏ ముక్క ఎక్కడుందన్న లెక్కలు మాత్రమే, సరుకు కాదు. కరెంటు వచ్చాక 60 టెరాబైట్లను గంటల తరబడి తనిఖీ చేయవలసిన అవసరం లేకుండా ఫైల్ సిస్టమ్‌ను త్వరగా నిలబెట్టడమే జర్నల్ పని, ఆ పనిని అది మీ దగ్గర సరిగానే చేసింది.

ఇప్పుడు మార్చుకోవలసినవి. ర్యామ్‌లో పోగయ్యే డేటాకు శాతాలలో కాకుండా బైట్లలో హద్దు పెట్టడానికి లైనక్స్‌లో డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్, డర్టీ బైట్స్ అనే రెండు సెట్టింగులు ఉన్నాయి. మొదటిదాన్ని 256 మెగాబైట్లకు, రెండోదాన్ని 1 గిగాబైటుకు బిగిస్తే మీ వంటి పనిలో వేగం పెద్దగా తగ్గదు, గాలిలో ఉండే డేటా మాత్రం బాగా తగ్గుతుంది. లైనక్స్ సర్వర్‌లోని ఫైళ్లను విండోస్ కంప్యూటర్లకు అందించే సాంబా ద్వారా ఫైళ్లు పంచుతుంటే స్ట్రిక్ట్ సింక్ అనే సెట్టింగు ‘యెస్’గా ఉందో లేదో చూడండి, 4.7 వెర్షన్ నుంచి అది దానంతటదే యెస్‌గా వస్తుంది, కాని వేగం కోసం ఎప్పుడో ‘నో’ పెట్టిన పాత సెట్టింగు ఫైలును కొత్త సర్వర్లలోకి కూడా మోసుకొచ్చేవారు ఉంటారు. అది యెస్‌గా ఉన్నా, డిస్కుకు రాసి చెప్పమని క్లయింట్ కంప్యూటర్ అడిగినప్పుడే పనిచేస్తుంది. మామూలు కాపీలో ఆ అడగడం జరుగుతుందన్న భరోసా లేదు. అందువల్ల కాపీ అయ్యాక, ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కులకు రాయించే సింక్ ఆదేశం సర్వర్‌లో ఇచ్చి అది ముగిసేదాకా ఆగడం, తర్వాత రెండు చోట్లా ఫైళ్ల చెక్‌సమ్‌లు (లోపలి డేటా నుంచి లెక్కగట్టే సంఖ్యలు) పోల్చడం, రెండో కాపీ వేరే పెట్టెలోకి చేరాకే కార్డు ఫార్మాట్ చేయడం అనే వరుసను స్టూడియోలో అందరికీ అలవాటు చేయండి. సింక్ చేయకుండా చెక్‌సమ్ పోలిస్తే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే సర్వర్ ర్యామ్‌లో ఉన్న కాపీనే చదివి సరిపోయిందని చెబుతుంది.

పెద్ద యూపీఎస్ కొనాలా అన్నదానికి నా జవాబు, ముందు ఉన్నదానికి బ్యాటరీలు మార్చి, దాని నుంచి సర్వర్‌కు యూఎస్‌బీ తీగ కలపండి అని. చాలా ఆఫీసులలో యూపీఎస్ వెనుక యూఎస్‌బీ సాకెట్‌కు పెట్టిన ప్లాస్టిక్ మూత కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. తీగ లేని యూపీఎస్ ప్రమాదాన్ని అరగంట వాయిదా వేస్తుందే తప్ప తప్పించదు, బ్యాటరీ అయిపోవస్తోందన్న సంగతి సర్వర్‌కు తెలిసే దారి లేదు కాబట్టి. ఆ అరగంట తర్వాత జరిగేది, నిండు పనిలో ఉండగా కరెంటు తెగడమే. తీగ కలిపి, నట్ అని పిలిచే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్‌ను లైనక్స్‌లో పెడితే, కరెంటు పోయిన సంగతి సర్వర్‌కు సెకన్లలో తెలుస్తుంది. బ్యాటరీ తక్కువైందని యూపీఎస్ చెప్పేదాకా ఆగే పద్ధతి మీద ఆధారపడకండి. పాత బ్యాటరీ 80 శాతం ఉన్నట్టు చూపిస్తూనే కూలిపోతుంది. కరెంటు పోయి 3 నిమిషాలైతే ఇక ఎదురుచూడకుండా సర్వర్ తనంతట తాను సర్దుకుని ఆగిపోయేలా టైమర్ పెట్టండి. 2 కేవీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు ఆరు ఉంటే, 400 వాట్ల సర్వర్‌ను అవి కొత్తగా ఉన్నప్పుడు అరగంటకు పైగా మోస్తాయి. మీకు కావలసింది అందులో పదో వంతు.

రెండు చిన్న సంగతులు ఇక్కడ చాలామంది మరిచిపోతారు. ఒకే యూపీఎస్ మీద రెండు సర్వర్లు ఉండి, తీగ ఒకదానికే ఉన్నప్పుడు, రెండోదానికి ఆ కబురు నెట్‌వర్క్ ద్వారా అందాలి. మధ్యలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ మామూలు ప్లగ్గు మీద ఉంటే కరెంటుతోపాటు అదీ ఆగిపోయి కబురు అందదు. స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. ఇక రెండోది, సర్వర్ సర్దుకుని ఆగిపోయాక తనకు వచ్చే కరెంటును కూడా కట్ చేయమని యూపీఎస్‌కు చివరి ఆదేశం ఇచ్చేలా నట్‌లో పెట్టాలి. లేకపోతే సర్వర్ ఆగుతున్న సమయంలోనే కరెంటు తిరిగి వస్తే, యూపీఎస్ అవుట్‌పుట్ ఎన్నడూ పోలేదు కనుక సర్వర్‌ను మళ్లీ లేపేదేమీ ఉండదు. ఆదివారమంతా అది అలాగే పడి ఉంటుంది. బయాస్‌లో కరెంటు రాగానే ఆన్ కావాలన్న సెట్టింగును ‘లాస్ట్ స్టేట్’ మీద కాకుండా ‘ఆన్’ మీద ఉంచండి.

మీ యూపీఎస్ నాలుగేళ్లకే క్షణం కూడా నిలబడకపోవడంలో వింతేమీ లేదు. సీలు వేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆ పైన ప్రతి 8 నుంచి 10 డిగ్రీలకు అది సుమారు సగమవుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే నల్లగొండలో, మెట్ల కింద గాలి ఆడని మూలలో పెట్టిన పెట్టెకు మూడేళ్లు ఎక్కువే. మార్చిన బ్యాటరీ మీద ఆ తేదీని స్కెచ్ పెన్నుతో రాసి పెట్టండి. ఆరు నెలలకొకసారి సర్వర్‌ను ఆపి, దాని బదులు 100 వాట్ల పాత రకం బల్బులు నాలుగు తగిలించి, గోడ దగ్గర స్విచ్ కట్టేసి అవి ఎన్ని నిమిషాలు వెలిగాయో చూడండి. యూపీఎస్ తెర మీది శాతం కన్నా ఆ నిమిషాలే నమ్మదగినవి.

ప్రశ్న: మా ఆన్‌లైన్ సేవల కేంద్రంలో నాలుగు డిస్కుల ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టె) ఉంది. ఇంటి ఇన్వర్టర్‌కు 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది కదా, దాని మీదే నడిపిస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ఎక్కువసేపు నడవడానికైతే అది చాలు, అంత పెద్ద బ్యాటరీ ఏ చిన్న యూపీఎస్‌లోనూ ఉండదు. చిక్కు వేరే చోట ఉంది. కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకోవడానికి పట్టే సమయం యూపీఎస్ మోడ్‌లో 10 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఉంటుంది, మామూలు మోడ్‌లో 20 మిల్లీసెకన్లు దాటవచ్చు. కంప్యూటర్ పవర్ సప్లై నిండు లోడు మీద ఓపిక పట్టేది సుమారు 16 మిల్లీసెకన్లు. అందువల్ల పదిసార్లు బాగానే ఉండి పదకొండోసారి పెట్టె రీస్టార్ట్ అవుతుంది. పైగా బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ ఎన్‌ఏఎస్‌కు చెప్పలేదు. మీది సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టి, దాని తర్వాత యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ ఒకటి పెట్టి, ఎన్‌ఏఎస్‌ను దానికి కలపండి. గంటల బరువు ఇన్వర్టర్ మోస్తుంది, కబురు చెప్పే పని యూపీఎస్ చేస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ జత కుదరకపోవచ్చు, ఆ కరెంటును చాలా యూపీఎస్‌లు మంచి కరెంటుగా ఒప్పుకోవు.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల సర్వర్‌లో రైడ్ కార్డు (పలు డిస్కులను కలిపి ఒకటిగా నడిపే కార్డు) మీద రైడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక) ఉంది. రెండు నెలలుగా ఫైళ్లు రాయడం బాగా నెమ్మదించింది, చదవడం మామూలుగానే ఉంది. సర్వీసుకు వచ్చినవారు రైడ్ కార్డు బ్యాటరీ పోయిందని, ‘ఆల్వేస్ రైట్ బ్యాక్’ అన్న సెట్టింగు పెడితే పాత వేగం వస్తుందని అంటున్నారు. పెట్టించమంటారా?
– కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

జవాబు: పెట్టించకండి. రోగ నిర్ధారణ సరిగానే చేశారు, చెప్పిన మందే ప్రమాదకరం. రైడ్ కార్డు తన సొంత మెమరీలోకి డేటా రాగానే ‘రాశాను’ అని సర్వర్‌కు చెప్పి, తర్వాత నింపాదిగా డిస్కులకు రాయడాన్ని రైట్ బ్యాక్ అంటారు. కరెంటు పోయినా ఆ మెమరీలోనిది నిలిచి ఉండేలా చూసేది ఆ చిన్న బ్యాటరీ. బ్యాటరీ పోయిందని తెలియగానే కార్డు, డిస్కులకు రాసిన తర్వాతే జవాబు చెప్పే రైట్ త్రూ పద్ధతికి తనంతట తాను మారింది. మీరు చూసిన నెమ్మది దాని ఫలితమే. కార్డు పాటిస్తున్న ఆ జాగ్రత్తను బలవంతంగా తీసేయడమే ఆ సెట్టింగు పని. బ్యాటరీ మార్పించండి, ‘బ్యాటరీ బాగుంటేనే రైట్ బ్యాక్’ అన్న సెట్టింగునే ఉంచండి. కొత్త కార్డు కొనే సందర్భం వస్తే, కరెంటు పోయినప్పుడు కెపాసిటర్ బలంతో మెమరీలోని డేటాను ఫ్లాష్‌లోకి దింపేసే రకం తీసుకోండి. బ్యాటరీ రకం సాధారణంగా 72 గంటల దాకా మాత్రమే డేటాను పట్టి ఉంచుతుంది, దసరా సెలవుల్లో కళాశాల మెయిన్ స్విచ్ కట్టేస్తే ఆ గడువు ఇట్టే దాటిపోతుంది. కార్డు మీది బ్యాటరీ కార్డు మెమరీకే గాని ఒక్కొక్క హార్డ్ డిస్కులో ఉండే మెమరీకి అందదు కనుక, కార్డు సెట్టింగులలో ‘డిస్క్ క్యాష్’ను ఆపి ఉంచాలి.

మీరు అడగకపోయినా రైడ్ 5 గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఒక వరుసలో ఉన్న డేటా ముక్కల నుంచి లెక్కగట్టిన పారిటీ ముక్క మరో డిస్కులో ఉంటుంది. డేటా ముక్క మారి, పారిటీ ముక్క మారకముందే కరెంటు పోతే ఆ వరుసలో లెక్క తప్పుతుంది, ఆ తప్పు పైకి ఎక్కడా కనబడదు. నెలల తర్వాత ఒక డిస్కు పోయినప్పుడు, పోయిన డిస్కులోని ముక్కను ఆ తప్పు పారిటీతో లెక్కగట్టి తిరిగి తయారు చేస్తారు, వచ్చేది చెత్త. ఇందులో బాధ కలిగించే విషయమేమంటే, పాడయ్యేది ఆ రోజు రాస్తున్న ఫైలే కానక్కరలేదు, అదే వరుసలో పడి ఐదేళ్లుగా ఎవరూ ముట్టుకోని మార్కుల జాబితా కూడా కావచ్చు. బ్యాటరీ ఉన్న రైడ్ కార్డు ఈ సందును చాలా వరకు మూస్తుంది. లైనక్స్ సాఫ్ట్‌వేర్ రైడ్‌లో 4.4 కెర్నెల్ నుంచి దీనికోసమే వేరే జర్నల్ డిస్కు పెట్టుకునే వీలు, 4.12 నుంచి రైడ్ 5కు పీపీఎల్ అనే మరో ఏర్పాటు ఉన్నాయి. ఇవేవీ లేకపోతే, ఊహించని విధంగా సర్వర్ ఆగిన ప్రతిసారీ పారిటీ తనిఖీ పూర్తిగా జరిపించండి. బ్యాటరీ పోయిన ఈ రెండు నెలల్లో సర్వర్ అలా ఆగి ఉంటే, ఆ తనిఖీని ఈ వారమే పెట్టించండి.

ప్రశ్న: మా డిజిటల్ ప్రింటింగ్ యూనిట్‌లో కొత్తగా జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న సర్వర్ పెట్టుకున్నాము. దీనికి కరెంటు పోయినా ఏమీ కాదని విన్నాము. వేగం కోసం మామూలు ఎస్‌ఎస్‌డీ ఒకటి లాగ్ డిస్కుగా పెట్టమని ఒకరు, ఏకంగా సింక్‌ను డిసేబుల్ చేయమని ఒకరు చెబుతున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: మీరు విన్నదానిలో నిజం చాలానే ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి 2005లో ఓపెన్ సొలారిస్ ద్వారా అందరికీ అందిన జెడ్‌ఎఫ్‌ఎస్, ఉన్న డేటా మీద కొత్త డేటాను ఎన్నడూ దిద్దదు. కొత్తదాన్ని ఖాళీ చోట పూర్తిగా రాసి, అంతా చేరాకే కొత్త పట్టికకు మారుతుంది. మధ్యలో కరెంటు పోతే పాత పట్టికే చెల్లుతుంది. ఇందాక చెప్పిన పారిటీ సందు కూడా దీనికి లేదు. అయితే ఈ మార్పు మామూలుగా 5 సెకన్లకొకసారి జరుగుతుంది, కాబట్టి పోయేది ఆ చివరి సెకన్లలోని డేటా.

సింక్‌ను డిసేబుల్ చేస్తే పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ కింద ఉన్న డిస్కుల కూటమి) పాడవదు, కాని డేటా భద్రంగా చేరిందా అని గట్టిగా అడిగిన ప్రోగ్రాముకు కూడా చేరకముందే చేరిందని చెబుతుంది. డిజైన్ ఫైళ్లు మాత్రమే ఉంటే భరించవచ్చు. బిల్లుల డేటాబేసు లేదా వర్చువల్ మెషీన్లు అదే సర్వర్‌లో ఉంటే వద్దు. లాగ్ డిస్కు విషయానికి వస్తే, భద్రంగా రాయమని ప్రోగ్రాములు గట్టిగా అడిగిన డేటాను జెడ్‌ఎఫ్‌ఎస్ దానిలోకి రోజంతా రాస్తుంది గాని దాన్ని చదివేది కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రమే. సరిగ్గా ఆ క్షణంలో నమ్మదగనిదాన్ని ఆ పనికి పెట్టడంలో అర్థం లేదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 2013లో 15 ఎస్‌ఎస్‌డీలకు పని మధ్యలో కరెంటు తీసి పరీక్షిస్తే 13 ఏదో ఒక విధంగా తప్పాయి. ఆ తర్వాత పరికరాలు మారాయి గాని, కరెంటు పోయినా చేతిలోని డేటాను రాసి ముగించడానికి సరిపడే కెపాసిటర్లు ఉండేది ఇప్పటికీ ఎక్కువగా సర్వర్ల కోసం చేసిన ఎస్‌ఎస్‌డీలలోనే. కొనేటప్పుడు ‘పవర్ లాస్ ప్రొటెక్షన్’ ఉందా అని వివరాల పట్టికలో చూడండి. మీ పని అంతా విండోస్ కంప్యూటర్ల నుంచి సాంబా మీద కాపీలే అయితే లాగ్ డిస్కు వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు, ఆ డబ్బుతో మరో బ్యాకప్ డిస్కు కొనుక్కోవచ్చు.

ప్రశ్న: మా రైస్ మిల్లు ఆఫీసులో సర్వర్‌కు ఆన్‌లైన్ యూపీఎస్ ఉంది, జనరేటర్ కూడా ఉంది. జనరేటర్ వేసినా యూపీఎస్ అరుస్తూనే ఉండి చివరికి ఆగిపోతోంది. యూపీఎస్ లోపమా?
– ఒక మిల్లు నిర్వాహకుడు, మిర్యాలగూడ

జవాబు: యూపీఎస్ తన పని తాను చేస్తోంది. జనరేటర్ మీద పెద్ద మోటారు ఎక్కినప్పుడల్లా ఇంజిన్ వేగం కుంగి, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారుతుంది, వోల్టేజీ కూడా ఊగుతుంది. ఆ కరెంటును ఒప్పుకోకుండా యూపీఎస్ బ్యాటరీ మీదే ఉండిపోతుంది, బ్యాటరీ అయిపోగానే ఆగుతుంది. మెకానిక్‌తో, ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్‌ను, వోల్టేజీ రెగ్యులేటర్‌ను సరిచేయించండి. యూపీఎస్‌లో ఇన్‌పుట్ సెన్సిటివిటీ తగ్గించే సెట్టింగు ఉంటే తగ్గించండి. సర్వర్ టైమర్‌ను మాత్రం జనరేటర్ వేసే మనిషికి రాత్రిపూట పట్టే సమయం కన్నా కొంచెం ఎక్కువగా ఉంచండి, లేకపోతే జనరేటర్ అందుకునేలోపే సర్వర్ ఆగిపోతుంది. మీ పక్కనే దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం, ఇటు నాగార్జునసాగర్ జల విద్యుత్ కేంద్రం ఉండగా ఇన్ని తిప్పలేమిటని మీరు ఉత్తరం చివర రాశారు. కరెంటు పోవడం చాలా వరకు పుట్టిన చోట జరగదు. సబ్‌స్టేషన్ నుంచి మీ ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చే 11 కేవీ లైను మీద చెట్టుకొమ్మ పడ్డా, మరమ్మతు కోసం లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపే అనుమతి) తీసుకున్నా మీకు చీకటే.

ప్రశ్న: పిడుగు పడి మా స్కానింగ్ కేంద్రంలో సర్వర్, దానికి కలిపి ఉన్న బ్యాకప్ డిస్కు రెండూ కాలిపోయాయి. యూపీఎస్ మాత్రం బాగానే ఉంది. ఇదెలా సాధ్యం?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: యూపీఎస్ బాగుందంటే దెబ్బ కరెంటు తీగ గుండా కాక వేరే దారిలో వచ్చి ఉంటుంది. మేడ మీది సీసీ కెమెరా నుంచో, పక్క భవనం నుంచో వచ్చే ల్యాన్ తీగను ముందు అనుమానించండి. భవనాల మధ్య రాగి ల్యాన్ తీగ బదులు ఫైబర్ వేయిస్తే ఆ దారి మూసుకుపోతుంది. మెయిన్ బోర్డు దగ్గర సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ పెట్టించండి, కాని ఎర్తింగ్ బాగా లేకపోతే అది అలంకారమే. మీ వైపు చెల్క నేల కింద గట్టి రాయి తగులుతుంది, ఎండాకాలంలో నేల పూర్తిగా ఆరిపోతుంది. ఒక్క గుంతతో సరిపెట్టకుండా రెండు మూడు ఎర్త్ గుంతలు తీయించి కలిపి, వేసవిలో నీళ్లు పోయిస్తూ ఉండాలి. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించండి. 2, 3 వోల్టులు దాటితే వైరింగ్‌నో, ఎర్తింగ్‌నో చూపించాలి. మూడు ఫేజ్‌ల భవనంలో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావలసిన ప్లగ్గులో 400 దాకా రావచ్చు, పిడుగు లేకుండానే ఇదే నష్టం జరుగుతుంది కనుక ఎక్కువ వోల్టేజీకి కట్ అయ్యే రిలే కూడా ఉంటే మంచిది.

బ్యాకప్ విషయంలో జరిగింది మాత్రం అనుకోనిది కాదు. ఒకే బోర్డుకు, ఒకే నెట్‌వర్క్‌కు ఎప్పుడూ తగిలించి ఉన్న రెండో డిస్కు, డిస్కు చెడిపోవడం నుంచి కాపాడుతుందే గాని పిడుగు నుంచి కాదు. రెండు డిస్కులు పెట్టుకుని వారానికొకటి మార్చుతూ, తీగ తీసినదాన్ని వేరే ఇంట్లో ఉంచండి.

ప్రశ్న: యూపీఎస్, నట్, రైడ్ బ్యాటరీ అన్నీ పెట్టుకున్నాము. నిజంగా పనిచేస్తాయని కరెంటు పోకముందే ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: కరెంటు తీసి చూడడమే మార్గం, కాని ఎక్కడ తీయాలన్నది ముఖ్యం. బ్యాకప్ తాజాగా ఉందని చూసుకుని, సెలవు రోజున, పెద్ద ఫైలు ఒకటి కాపీ అవుతుండగా యూపీఎస్‌కు వచ్చే గోడ స్విచ్ కట్టేయండి. సర్వర్ వెనుక తీగ లాగవద్దు. కరెంటు పోయినట్టు సర్వర్ లాగ్‌లో ఎన్ని సెకన్లకు నమోదైంది, టైమర్ ప్రకారం ఆగడం ఎప్పుడు మొదలైంది, పూర్తిగా ఆగడానికి ఎంత పట్టింది, ఆ తర్వాత యూపీఎస్ తన అవుట్‌పుట్‌ను కట్ చేసిందా అన్నవి కాగితం మీద రాసుకోండి. ఏదో ఒక ప్రోగ్రాము మూసుకోక సర్వర్ ఆగడానికి 15 నిమిషాలు పట్టడం ఇలాంటి పరీక్షలోనే బయటపడుతుంది. తర్వాత స్విచ్ వేసి అన్నీ ఎవరి చెయ్యీ లేకుండా తిరిగి లేస్తాయేమో చూడండి. మరోసారి ఇదే పరీక్షలో, సర్వర్ ఆగుతున్న మధ్యలోనే స్విచ్ వేసి చూడండి. చాలా ఏర్పాట్లు తప్పేది అక్కడే. మన దగ్గర వచ్చిన కరెంటు పది నిమిషాల్లో రెండు మూడు సార్లు పోయి రావడం మామూలు కనుక, బ్యాటరీ కొంత నిండాకే అవుట్‌పుట్ ఇచ్చే సెట్టింగు యూపీఎస్‌లో ఉంటే దాన్ని వాడుకోండి.

డిస్కులు ‘రాశాను’ అన్నది నిజంగా రాసే చెబుతున్నాయా అని తెలుసుకోవాలంటే సర్వర్ తీగనే లాగి చేసే వేరే పరీక్ష ఉంది. బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ రాసిన డిస్క్‌చెకర్ అనే చిన్న ప్రోగ్రాము, భద్రంగా రాసినట్టు డిస్కు చెప్పిన ప్రతిదాన్నీ మరో కంప్యూటర్‌లో గుర్తుపెట్టుకుని, కరెంటు వచ్చాక పోల్చి చూపిస్తుంది. దీన్ని డేటా ఎక్కించని కొత్త సర్వర్ మీద మాత్రమే చేయండి. అందులో తప్పిన డిస్కుకు హెచ్‌డీపార్మ్ ఆదేశంతో సొంత క్యాష్‌ను ఆపి మళ్లీ పరీక్షించండి. అప్పుడూ తప్పితే దాన్ని సర్వర్ నుంచి తీసేయండి. విండోస్ సర్వర్ అయితే డివైస్ మేనేజర్‌లో డిస్కు పాలసీల కింద రెండు టిక్కు పెట్టెలు కనబడతాయి, వాటిలో రెండోది, క్యాష్ ఫ్లషింగ్‌ను ఆపేస్తానన్నది, టిక్కు లేకుండా ఉండాలి.